కళ్ళు మూసుకుంటే మెదడులో ఏం మారుతుంది? ల్యాప్‌టాప్‌తో మొదటి ఈఈజీ విశ్లేషణ

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో నేను చాలా ఏళ్ళు ఈఈజీ (తల మీద నుంచి మెదడు విద్యుత్తును గీతలుగా నమోదు చేసే పరీక్ష) టెక్నీషియన్‌గా చేశాను. తల మీద ఎలక్ట్రోడ్లు అతికించడం, "కళ్ళు మూసుకోండి, ఇప్పుడు తెరవండి, గట్టిగా ఊపిరి తీసి వదలండి" అని చెప్పడం, తెర మీద గీతలు నడుస్తుంటే పక్కన గుర్తులు పెట్టడం నా పని. ఇప్పుడు అవే గీతలను కంప్యూటర్‌లో శుభ్రం చేసి, లెక్క కట్టి పరిశోధకులకు ఇస్తున్నాను. ఆదివారాలు నల్లకుంటలో మా ఇంటికి కొందరు పిల్లలు నేర్చుకోవడానికి వస్తారు. ఎక్కువమంది అమీర్‌పేటలో పైథాన్ కోర్సు చేసినవాళ్ళు, ఒకరిద్దరు ఉస్మానియాలో సైకాలజీ పీజీ చదువుతున్నవాళ్ళు. వచ్చీ రాగానే అడిగేది ఒకటే: "అక్కా, బ్రెయిన్ డేటా మీద డీప్ లెర్నింగ్ ఎట్ల చేయాలె?"

నా జవాబు కూడా ఒకటే. ముందు ఒక మనిషి రెండు నిమిషాల ఈఈజీ చూద్దాం. అందులో ఏది మెదడుదో, ఏది కనురెప్పదో, ఏది కరెంటుదో చెప్పగలిగాక మిగతా సంగతి. కొందరు మొహం చిన్నబుచ్చుకుంటారు, అయినా కూర్చుంటారు. ఇక్కడ రాస్తున్నది ఆ పాఠమే. ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, పైథాన్‌లో ఒక లూప్ రాసేంత పరిచయం ఉంటే చాలు. గణితంలో వర్గాలు, లాగరిథం, సగటు తెలిస్తే సరిపోతుంది.

మెదడు పరిశోధనలో కంప్యూటర్‌కు ఇంత చోటు ఎందుకొచ్చిందంటే, చేత్తో తేలే పని కాదు కాబట్టి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని 2009లో లెక్క తేల్చారు. మెదడు పైపొరలోని ఒక్క ఘన మిల్లీమీటరు ముక్కను హార్వర్డ్, గూగుల్ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చిత్రించి 2024లో ప్రచురించారు. ఆవగింజంత కూడా లేని ఆ ముక్క డేటా 1.4 పెటాబైట్లు, అంటే 14 లక్షల గిగాబైట్లు. అదే ఏడాది పండ్ల ఈగ పూర్తి మెదడు పటం కూడా వచ్చింది. అందులో దాదాపు 1.4 లక్షల కణాలు, వాటి మధ్య 5 కోట్లకు పైగా కలయికలు ఉన్నాయి. ఏ కణం కొమ్మ ఎక్కడిదాకా వెళ్ళిందో మొదట గీసింది ప్రోగ్రాములు. వాటి తప్పులు దిద్దడానికి మాత్రం వందలమంది మనుషులు కూర్చోవాల్సి వచ్చింది. పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఈ రెండో సంగతి.

ప్రశ్న ముందు, డేటా తర్వాత

డేటా దించుకుని "ఇందులో ఏముందో చూద్దాం" అనుకుంటే ఏదో ఒకటి దొరుకుతుంది. ఎప్పుడూ దొరుకుతుంది, అదే చిక్కు. అందుకే మొదటిసారి జవాబు ముందే తెలిసిన ప్రశ్న తీసుకోండి. మీకు వేరే జవాబు వచ్చిందంటే మెదడును అనుమానించక్కర్లేదు, మీ ప్రోగ్రామ్‌ను అనుమానిస్తే చాలు.

మన ప్రశ్న: కళ్ళు మూసుకున్నప్పుడు తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే అల పెరుగుతుందా? జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి విద్యుత్తును నమోదు చేసి, 1929లో ప్రచురించాడు. ఈ అలకు ఆల్ఫా అని పేరు పెట్టింది ఆయనే. మనిషి కళ్ళు తెరిస్తే ఆ అల తగ్గిపోతుందని గమనించిందీ ఆయనే. ఈఈజీ గదిలో రోజూ కనిపించే విషయమిది. "కళ్ళు మూసుకోండి" అనగానే రెండు మూడు సెకన్లలో వెనుక ఛానెళ్ళలో (ఒక్కో ఎలక్ట్రోడ్ ఇచ్చే గీత ఒక ఛానెల్) దువ్వెన పళ్ళలా అలలు లేస్తాయి. అయితే అందరిలో ఒకేలా లేవవు. పూర్తి ఆరోగ్యంగా ఉండి కూడా ఆల్ఫా కంటికి కనపడనంత తక్కువగా ఉండేవాళ్ళు ఉంటారు. ఒక్క మనిషిని చూసి తీర్పు చెప్పొద్దనేది అందుకే.

ఈ ప్రశ్నను నోట్‌బుక్‌లో పెన్నుతో రాసుకోండి. ఏ ఎలక్ట్రోడ్లు, ఏ ఫ్రీక్వెన్సీ, ఎంతమంది, ఎవరిని ఏ కారణంతో వదిలేస్తారు, ఏ లెక్కతో తేలుస్తారు: అన్నీ డేటా తెరవకముందే, తేదీతో సహా. కంప్యూటర్‌లో రాసుకుంటే మార్చేయాలనిపిస్తుంది.

డేటా ఎక్కడ దొరుకుతుంది

ఫిజియోనెట్ అనే సైట్‌లో ఉచితంగా ఇచ్చే ఈఈజీ డేటాల్లో ఒకటి చేతులు, కాళ్ళు కదపడం, కదుపుతున్నట్టు ఊహించుకోవడం గురించినది. 109 మంది వాలంటీర్లు, తల మీద 64 ఎలక్ట్రోడ్లు, సెకనుకు 160 కొలతలు. ఒక్కొక్కరికి 14 రికార్డింగులు ఉంటాయి. మొదటిది కళ్ళు తెరుచుకుని ఒక నిమిషం, రెండోది కళ్ళు మూసుకుని ఒక నిమిషం. మనకు ఆ రెండే కావాలి, మిగతా పన్నెండు ఇప్పుడు దించకండి.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, ల్యాప్‌టాప్ పాతదైతే గూగుల్ కోలాబ్‌లో చేయండి, ఈ పనికి ఉచితంగా ఇచ్చేది సరిపోతుంది. పైథాన్‌లో ఎంఎన్‌ఈ అనే లైబ్రరీ వేసుకోండి. ఈఈజీ కోసమే తయారైన, పరిశోధకులంతా వాడే ఉచిత లైబ్రరీ అది. పైన చెప్పిన డేటాను మనిషి నంబరు, రికార్డింగ్ నంబరు ఇస్తే దానంతట అదే దించే ఫంక్షన్ కూడా అందులో ఉంది. దాని డాక్యుమెంటేషన్‌లో "ఈఈజీ బీసీఐ" (eegbci) అని వెతకండి.

ఫైలు తెరవగానే రెండు వింతలు కనిపిస్తాయి. ఒకటి, ఛానెల్ పేర్ల చివర చుక్కలు ఉంటాయి. వాటిని తీసేయకపోతే ఏ ఎలక్ట్రోడ్ తల మీద ఎక్కడుందో లైబ్రరీకి తెలియదు. దానికీ ఒక రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. రెండు, అంకెలన్నీ సున్నా దశాంశం సున్నా సున్నా సున్నా అంటూ మొదలవుతాయి. డేటా పాడైందని టెన్షన్ పడొద్దు. ఎంఎన్‌ఈ కొలతలను వోల్టుల్లో దాచుకుంటుంది. తల మీద దొరికేది మైక్రోవోల్టుల్లో ఉంటుంది, వోల్టులో పది లక్షలవ వంతు అన్నమాట. బాగా కనిపించే ఆల్ఫా కూడా కొన్ని పదుల మైక్రోవోల్టులే.

ఒక్క నిమిషానికి 64 ఛానెళ్ళు, 160 కొలతలు, 60 సెకన్లు గుణిస్తే 6,14,400 అంకెలు. ఇరవై మందికి రెండేసి నిమిషాలంటే రెండున్నర కోట్లకు దగ్గర. ఎక్సెల్‌లో చేద్దామనుకునేవాళ్ళకు ఈ లెక్క చెబుతాను.

తర్వాత ప్రతి ఫైలుకూ సెకనుకు ఎన్ని కొలతలు ఉన్నాయో ప్రింట్ చేయించండి. ఈ డేటాలో 88, 92, 100 నంబర్ల మనుషులకు 160 కాకుండా 128 ఉంటాయి. చూసుకోకుండా అందరినీ ఒకే 160 అనుకుని లెక్క కడితే ఆ ముగ్గురిలో 10 హెర్ట్జ్ (సెకనుకు 10 ఊపులు) దగ్గర ఉండాల్సిన ఆల్ఫా పన్నెండున్నర దగ్గర కనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఏ ఎర్రర్ ఇవ్వదు, గ్రాఫ్ కూడా అందంగానే వస్తుంది.

లెక్క కట్టే ముందు కళ్ళతో చూడండి

ఈ పని అందరూ దాటేయాలని చూస్తారు. నా క్లాసులో సగం సమయం దీనికే పోతుంది.

డేటాను తెర మీద పది సెకన్ల పేజీలుగా పెట్టుకోండి. ఆసుపత్రుల్లో కాగితం మీద నడిచే రోజుల నుంచి అదే అలవాటు, సెకనుకు 30 మిల్లీమీటర్ల వేగం. ఎలక్ట్రోడ్ పేరులో అక్షరం చోటును చెబుతుంది, అంకె పక్కను చెబుతుంది. ఎఫ్‌పీ అంటే నుదురు, సీ అంటే నడినెత్తి వరస, ఓ అంటే తల వెనుక. బేసి అంకెలు ఎడమ, సరి అంకెలు కుడి, జెడ్ ఉంటే మధ్య గీత. మనకు కావలసినవి ఓ1, ఓజెడ్, ఓ2.

ఇక ఆ గీతల్లో మెదడు కానివి ఏమేం ఉంటాయో చెబుతాను. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే "తలకు షాంపూ పెట్టుకుని రండి, నూనె రాయొద్దు" అని చెప్పేవాళ్ళం. అయినా పదిమందిలో కొందరు కొబ్బరినూనె దట్టించి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఆసుపత్రికి వెళ్తూ చింపిరి జుట్టుతో ఎట్లా వెళ్తామని వాళ్ళ బాధ. నూనె ఉంటే ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య నిరోధం పెరుగుతుంది, గీత వణకడం మొదలుపెడుతుంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే చెమట పడుతుంది, అప్పుడు గీత మొత్తం మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంది, ఒక ఊపుకు రెండు మూడు సెకన్లు పట్టేలా. వక్క నములుతున్నవాళ్ళకు, పళ్ళు బిగబట్టినవాళ్ళకు చెవుల పక్కన ఛానెళ్ళలో దట్టమైన నల్లటి పట్టీ వస్తుంది, అది దవడ కండరం. కనురెప్ప కొడితే నుదుటి ఛానెళ్ళలో వంద మైక్రోవోల్టులు దాటే పెద్ద గుట్ట లేస్తుంది. తోడు వచ్చినవాళ్ళు మంచం పక్క ప్లగ్గులో ఫోన్ ఛార్జింగ్ పెడితే గీతల్లోకి కరెంటు శబ్దం, అంటే సరఫరా తెచ్చే సన్నటి వణుకు, ఎక్కుతుంది.

వీటన్నింటికీ అంకెల్లో ఒక రూపం ఉంటుంది. చెమట 1 హెర్ట్జ్ కిందికి వస్తుంది. దవడ 20 హెర్ట్జ్ పైన విస్తారంగా పరుచుకుంటుంది. కనురెప్ప తక్కువ ఫ్రీక్వెన్సీలో, ముందు భాగంలో ఉంటుంది. కాబట్టి ఎవరైనా "ఆందోళనలో ఉన్నవాళ్ళకు గామా తరంగాలు (30 హెర్ట్జ్ పైన వేగంగా ఊగేవి) పెరిగాయి" అంటే నేను ముందు వాళ్ళ దవడల సంగతి అడుగుతాను. ఆందోళనలో ఉన్న మనిషి పళ్ళు బిగబట్టుకోవడం నేను రోజూ చూశాను.

కరెంటు శబ్దం గురించి ఒక ముక్క. మన దగ్గర సరఫరా 50 హెర్ట్జ్. ఇక్కడ నేర్చుకున్నవాళ్ళు అలవాటుగా 50 దగ్గర ఫిల్టర్ పెట్టేస్తారు. ఈ డేటా అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చింది, అక్కడ సరఫరా 60 హెర్ట్జ్. మీ స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫ్, ఎలా గీయాలో కింద చెబుతాను) గీసి చూడండి, 60 దగ్గర సూదిమొన కనిపిస్తుంది. ఎవరి డేటానైనా తీసుకునేముందు అది ఏ దేశంలో, ఏ యంత్రంతో, ఎలా తీశారో చదవాలని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

శుభ్రం చేయడం, అవసరమైనంతే

మన ప్రశ్నకు 1 నుంచి 40 హెర్ట్జ్ మధ్య ఉంచే ఫిల్టర్ ఒక్కటి చాలు. చెమట ఊపు పోతుంది, 60 హెర్ట్జ్ సూదీ పోతుంది. బొత్తిగా చచ్చిన ఛానెల్, అంటే గీత నిలువునా కొట్టుకుంటున్నదో కదలకుండా ఉన్నదో ఉంటే, చెడ్డదని గుర్తు పెట్టి చుట్టుపక్కల ఛానెళ్ళ నుంచి దాని విలువను అంచనా వేయించండి. తర్వాత అన్ని ఛానెళ్ళ సగటును రిఫరెన్స్‌గా తీసుకోండి. వోల్టేజీ ఎప్పుడూ రెండు చోట్ల మధ్య తేడాయే కాబట్టి, దేనితో పోల్చామన్నది చెప్పకుండా ఒక్క ఛానెల్ అంకెకు అర్థం లేదు.

ఐసీఏ అనే పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. కలిసిపోయిన సంకేతాలను విడదీసి కనురెప్పల భాగాన్ని తీసేయడానికి వాడతారు. మంచి పద్ధతే. కానీ మనం చూస్తున్నది తల వెనుక, 8 నుంచి 13 హెర్ట్జ్. కనురెప్ప ఉన్నది ముందు, అంతకన్నా కింద. ప్రశ్న అడగని శుభ్రం చేయొద్దు. ప్రతి శుభ్రమూ ఒక నిర్ణయం, ప్రతి నిర్ణయం డేటాలోంచి ఏదో ఒకటి తీసేస్తుంది.

పెద్ద ఉచ్చు ఇంకొకటుంది. ఆల్ఫా కావాలి కదా అని మొదటే 8–13 ఫిల్టర్ పెట్టి గీతలు చూస్తారు. చూడగానే చక్కటి ఆల్ఫా! దీన్ని చేత్తో చేసి తెలుసుకోండి: కంప్యూటర్‌తో వట్టి యాదృచ్ఛిక అంకెలు పుట్టించి, వాటికి అదే ఫిల్టర్ వేసి గీయండి. అక్కడా అలలు లేచి పడుతూ కనిపిస్తాయి, ఏ మెదడూ లేకుండానే. అందుకే ఇరుకు ఫిల్టర్ వేసిన గీత ఆల్ఫా ఉందనడానికి సాక్ష్యం కాదు. స్పెక్ట్రమ్‌లో 10 దగ్గర చుట్టుపక్కల కన్నా ఎత్తుగా గుట్ట లేచిందా అన్నది చూడాలి.

స్పెక్ట్రమ్ గీయడం

పెళ్ళి పందిట్లో సన్నాయి, డోలు, మైకులో పంతులుగారి గొంతు అన్నీ ఒకేసారి వినపడుతున్నా, ఏది ఎంత గట్టిగా ఉందో మన చెవి విడదీసి చెబుతుంది. ఫూరియర్ పరివర్తన అంకెలకు చేసేది అదే. ఒక ఛానెల్ గీతలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో విడివిడిగా చూపిస్తుంది. 1965లో కూలీ, టూకీ ఇచ్చిన వేగవంతమైన పద్ధతి వల్ల ఇది మీ ల్యాప్‌టాప్‌లో రెప్పపాటులో అయిపోతుంది.

నిమిషం మొత్తానికి ఒకేసారి చేస్తే గ్రాఫ్ ముళ్ళకంపలా వస్తుంది. అందుకే 1967 నుంచి వాడుకలో ఉన్న వెల్చ్ పద్ధతి తీసుకోండి. నిమిషాన్ని రెండు సెకన్ల ముక్కలుగా, సగం సగం ఒకదానిమీద ఒకటి పడేలా కోసి, ఒక్కో ముక్కకు స్పెక్ట్రమ్ కట్టి, సగటు తీస్తుంది. రెండు సెకన్లంటే మన డేటాలో 320 కొలతలు, అప్పుడు అర హెర్ట్జ్ తేడాలను చూడగలం. నాలుగు సెకన్ల ముక్కలు తీసుకుంటే పావు హెర్ట్జ్ దాకా చూడొచ్చు, కానీ ముక్కలు తగ్గి గ్రాఫ్ గరుకవుతుంది. రెండూ కావాలంటే కుదరదు.

కళ్ళు తెరిచిన స్పెక్ట్రమ్, మూసిన స్పెక్ట్రమ్ ఒకే గ్రాఫ్ మీద, నిలువు గీత లాగరిథంలో గీయండి. ఎడమ నుంచి కుడికి రెండూ దిగజారుతూ ఉంటాయి, అది మెదడు సంకేతాల సహజ స్వభావం. కళ్ళు మూసిన దాంట్లో 10 దగ్గర గుట్ట కనిపిస్తుంది, కొందరిలో 9 దగ్గర, కొందరిలో 11 దగ్గర. మావాళ్ళు ఇక్కడ నిజంగా ఖుష్ అవుతారు. ఆసుపత్రిలో నేను రోజూ చూసినదే అయినా, అంకెల్లోంచి అది లేచి వస్తుంటే నాకూ బాగుంటుంది.

ఇప్పుడు ఆ గుట్టను ఒక్క అంకెగా మార్చాలి. మూడు వెనుక ఎలక్ట్రోడ్లలో 8–13 మధ్య బలం సగటు తీసి, లాగరిథం తీసుకుని, మూసినదాంట్లోంచి తెరిచినదాన్ని తీసేయండి. పుర్రె మందం, జుట్టు, ఎలక్ట్రోడ్ ఎంత బాగా అతికిందనే దాన్ని బట్టి మనిషికీ మనిషికీ అసలు బలం చాలా మారుతుంది. అదే మనిషిలో తేడా తీసుకుంటే అవన్నీ చాలావరకు కొట్టుకుపోతాయి. మనిషికి ఒక అంకె. ఇది గుర్తుంచుకోండి.

ఇది నిజమేనా, యాదృచ్ఛికమా?

ఇరవై మందితో చేశారనుకుందాం, ఇరవై తేడాలు వస్తాయి. ఎక్కువ భాగం సున్నా కన్నా పైన ఉంటాయి. ఇది కాకతాళీయంగా జరిగే అవకాశం ఎంత? టీ టెస్ట్ (సగటు తేడా కాకతాళీయమా అని తేల్చే మామూలు గణాంక పరీక్ష) వేయొచ్చు. నేను నేర్పేది వేరే పద్ధతి, అందులో ఏం జరుగుతుందో కళ్ళకు కనిపిస్తుంది. కళ్ళు మూసినా తెరిచినా తేడా లేదనుకుంటే, ప్రతి మనిషికీ రెండు రికార్డింగుల పేర్లు తారుమారు చేసినా ఏం కాకూడదు. పేర్లు మార్చడమంటే ఆ మనిషి తేడాకు ప్లస్‌ను మైనస్ చేయడమే. కాబట్టి ఇరవై మందికీ బొమ్మా బొరుసూ వేసినట్టు గుర్తులు మార్చి సగటు తీయండి. ఇలా పదివేల సార్లు చేయించండి. మీ అసలు సగటు అంత పెద్దది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఇరవై మందితో గుర్తులు మార్చే మార్గాలు మొత్తం 10,48,576 ఉన్నాయి, పదివేలు నమూనాకు చాలు. ఆల్ఫా విషయంలో అంత పెద్ద సగటు దాదాపు ఒక్కసారి కూడా రాదు.

ఇక్కడ పిల్లలు చేసే తప్పు దాదాపు ప్రతిసారీ ఒకటే ఉంటుంది. రెండు సెకన్ల ముక్కలన్నింటినీ వేర్వేరు నమూనాలుగా లెక్కేస్తారు. ఇరవై మందికి బదులు "వెయ్యికి పైగా నమూనాలు" అంటారు. ఒకే మనిషి ముక్కలు ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవి. నిమిషాన్ని ఎన్ని ముక్కలు కోసినా మనుషులు పెరగరు. ఇలా లెక్కేస్తే లేని తేడా కూడా ఉన్నట్టు తేలుతుంది.

రెండో తప్పు ఇంకా తీపిగా ఉంటుంది. 64 ఛానెళ్ళు, ఐదు ఫ్రీక్వెన్సీ పట్టీలు ఉన్నాయి కదా అని అన్నింటికీ పరీక్ష వేసి, పాసైనవి ఏరుకుంటారు. మొత్తం 320 పరీక్షలు. ఏ తేడా లేకపోయినా 5 శాతం చొప్పున సగటున 16 పాసవుతాయి. ఈ విషయం అందరికీ గుర్తుండిపోయేలా చెప్పినవాళ్ళు అమెరికాలోని క్రెయిగ్ బెనెట్ బృందం. చచ్చిన సాల్మన్ చేపను ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ళు ఏ భావంలో ఉన్నారని అడిగారు. పరీక్షల సంఖ్యకు సవరణ చేయకుండా లెక్క కడితే చేప మెదడులో "చురుకుదనం" కనిపించింది. సవరణ చేస్తే మాయమైంది. 2009లో ఆ పోస్టర్ పెట్టారు, 2012లో ఇగ్ నోబెల్ (నవ్వించి, ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి) వచ్చింది.

నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, తర్వాత వచ్చినవి నవ్వించేవి కావు. 2016లో ఎక్లుండ్ బృందం ఎంఆర్ఐ విశ్లేషణకు ప్రపంచమంతా వాడే ప్రోగ్రాములను పరీక్షించింది. 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని పద్ధతుల్లో 70 శాతం దాకా వచ్చాయి. 2020లో ఒకే డేటాను 70 బృందాలకు ఇచ్చి, తొమ్మిది ఊహలు పరీక్షించమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకే దారిలో వెళ్ళలేదు, కొన్ని ఊహలకు జవాబులు బాగా తేడా వచ్చాయి. అంతమందీ నిపుణులే. మొదట పెన్నుతో రాసుకోమన్నానే, ఆ కాగితం ఇక్కడ పనికొస్తుంది. అందులో లేని పరీక్ష చేయొద్దని అనను. చేస్తే "ఇది తర్వాత తోచింది" అని రిపోర్టులో రాయండి.

డీప్ లెర్నింగ్ అడిగినవాళ్ళకు

సరే, ఇప్పుడు అడగండి. మోడల్, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్, కట్టడం కష్టమేం కాదు, పరీక్ష పెట్టడం కష్టం. నేర్పడానికి ఒక మనిషి ముక్కలు కొన్ని, పరీక్షకు అదే మనిషి ముక్కలు కొన్ని ఇస్తే మోడల్ ఆ మనిషి పుర్రెను, ఎలక్ట్రోడ్లను గుర్తుపట్టి మార్కులు తెచ్చుకుంటుంది. జబ్బు ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని విడదీసే పనిలో ఇది మరీ ప్రమాదం. మనుషుల వారీగా విడదీయండి: నేర్పడంలో ఉన్న మనిషి పరీక్షలో ఉండకూడదు. చాలాసార్లు 98 శాతం ఒక్కసారిగా 65కు దిగుతుంది. ఆ 65తోనే మాట్లాడాలి.

మూర్ఛ విషయంలో శాతం అనే అంకెనే నేను నమ్మను. రోజంతా తీసిన ఈఈజీలో ఫిట్స్ ఉండేది కొన్ని నిమిషాలు. "ఫిట్స్ లేదు" అని ఎప్పుడూ ఒకే మాట చెప్పే ప్రోగ్రామ్‌కు కూడా 99 శాతం వస్తుంది. ఎన్ని ఫిట్స్ పట్టుకుంది, గంటకు ఎన్నిసార్లు ఉత్తుత్తి అలారం మోగించింది: ఈ రెండూ చెప్పమనండి. రాత్రి డ్యూటీలో ఉత్తుత్తి అలారాలు ఎక్కువైతే నర్సులు ఏం చేస్తారో నాకు తెలుసు. సౌండ్ తగ్గిస్తారు.

మన ఊళ్ళో

ఎంఆర్ఐ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు గచ్చిబౌలిలోని ఐఐఐటీ పని తెలియాలి. ఎంఆర్ఐ విశ్లేషణలో ప్రతి మనిషి మెదడునూ ఒక ప్రామాణిక అచ్చులోకి సాగదీసి, కుదించి సరిపెడతారు. ఎక్కువగా వాడేది కెనడాలో మాంట్రియల్ సంస్థ 152 మంది స్కాన్ల సగటుతో చేసిన అచ్చు. ఐఐఐటీ పరిశోధకులు వంద మంది భారతీయుల స్కాన్లతో మన అచ్చు తయారుచేసి 2019లో ప్రకటించారు. మన సగటు మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణంలో ఆ అచ్చు కన్నా కొంచెం చిన్నదని తేలింది. వెంటనే వాట్సాప్‌లో తెలివితేటల గురించి చర్చ మొదలైంది, దానికీ దీనికీ సంబంధం లేదు. అసలు సంగతి ఏమిటంటే, సరిపోని అచ్చులోకి లాగితే ఆరోగ్యంగా ఉన్న మెదడు కూడా కుంచించుకుపోయినట్టు లెక్క రావచ్చు. పక్కనే సెంట్రల్ యూనివర్సిటీలో నాడీ, జ్ఞాన శాస్త్రాల కేంద్రం ఉంది. అక్కడ ఏదైనా బహిరంగ ఉపన్యాసం ఉందని తెలిస్తే మావాళ్ళను వెళ్ళమంటాను.

తెలిసిన డాక్టరుగారిని అడిగి ఆసుపత్రి డేటా తెచ్చుకుంటామంటారు కొందరు. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా వద్దు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సంగతి అలా ఉంచండి, ఈడీఎఫ్ (ఈఈజీ డేటాను దాచే ఫార్మాట్) ఫైలు మొదట్లోనే, ఎనిమిది అక్షరాల తర్వాత, పేషెంట్ వివరాలకు 80 అక్షరాల చోటు ఉంటుంది. ఫైలు పేరు "పేషెంట్ ఒకటి" అని మార్చి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేస్తారు, లోపల పేరూ పుట్టిన తేదీ అలాగే ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా కనిపిస్తాయి.

ఆల్ఫా అయ్యాక అదే డేటాలో చేతుల పని చేయండి. చెయ్యి కదిపినప్పుడు, కదిపినట్టు ఊహించుకున్నప్పుడు కూడా ఎదుటి పక్క నడినెత్తి ఎలక్ట్రోడ్లలో, అంటే కుడి చేతికి సీ3లో, 8–13 హెర్ట్జ్ అల తగ్గాలి. రికార్డింగుల్లో టీ0, టీ1, టీ2 అని గుర్తులు ఉంటాయి. టీ0 విశ్రాంతి. 3, 4, 7, 8, 11, 12 నంబర్ల రికార్డింగుల్లో టీ1 అంటే ఎడమ పిడికిలి, టీ2 అంటే కుడి పిడికిలి. 5, 6, 9, 10, 13, 14లో అదే టీ1 రెండు పిడికిళ్ళు, టీ2 రెండు పాదాలు. అన్నింటినీ ఒకే కుప్పలో పోసి, ఫలితం ఎందుకు రాలేదని మెసేజ్ పెట్టకండి. ముందు ఏ నంబర్లు తీసుకున్నారో చూసుకోండి.